ఒక ట్యాంకుకు ఒకే జాతి: న్యూట్ల పెంపకంపై ప్రసంగం

అందరికీ నమస్కారం. న్యూట్లంటే నీళ్లలోనూ నేల మీదా బతికే, తోకున్న బల్లిలాంటి ఉభయచరాలు. వాటిని పెంచేవాళ్లు నలుగురు కలిస్తే చాలు, ఈ ప్రశ్న రాక మానదు. "నా దగ్గర ఫైర్‌బెల్లీ న్యూట్లు ఉన్నాయండీ, ట్యాంకులో చోటు చాలానే మిగిలింది. ఇంకో జాతివి రెండు వేసుకోవచ్చా?" అడిగేవాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. ఎర్రటి పొట్టది ఒకటి, ఆకుపచ్చ ఒంటి మీద నారింజ గీత ఉన్నది ఒకటి, వీపు మీద పళ్లు పళ్లుగా శిఖ లేచినది ఒకటి, అన్నీ ఒకే గాజు వెనక ఈదుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. అయినా నా జవాబు వద్దనే. "జాగ్రత్తగా ఉంటే పర్లేదు" అని కూడా అనను. ఎందుకు అననో చెప్పడానికే వచ్చాను.

ముందు న్యూట్ చర్మం గురించి చెప్పాలి. న్యూట్ మనలా నోటితో నీళ్లు తాగదు, చర్మం గుండా పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులున్నా ఊపిరిలో కొంత భాగం చర్మంతోనే తీసుకుంటుంది. శత్రువు నోట పడితే కాపాడే విషం కూడా ఆ చర్మంలోని గ్రంథుల్లోనే ఉంటుంది. చేపకు పొలుసులున్నాయి, దీనికి అలాంటి అడ్డేమీ లేదు. ట్యాంకులో ఉన్న నీళ్లు కొన్ని బకెట్లు. ఒక న్యూట్ ఒంటిని తాకిన నీళ్లే గంట తిరక్కుండా రెండోదాని ఒంటిని తాకుతాయి. అంటే మనం రెండు జాతుల్ని కలిపినప్పుడు అవి పక్కపక్కన ఉండటంతో ఆగవు, ఒకదాని చర్మం విడిచింది రెండోది పీల్చుకుంటుంది. ఇక్కడి నుంచి మొదలుపెడితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

విషం సంగతి చూద్దాం. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో రఫ్‌స్కిన్డ్ న్యూట్ అని ఉంది, శాస్త్రీయంగా టారికా గ్రాన్యులోసా. ఈ టారికా న్యూట్ల విషం, పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ రెండూ ఒకటేనని 1964లో తేల్చారు. నరాల్లో సోడియం వెళ్లే దారుల్ని అది మూసేస్తుంది, కండరాలు కదలవు, ఊపిరి ఆగిపోతుంది. 1979లో ఓరెగాన్‌లో ఒక యువకుడు ఈ న్యూట్‌ని మింగి ప్రాణం పోగొట్టుకున్నాడు. మనం పెంచే జపాన్, చైనా ఫైర్‌బెల్లీల్లోనూ ఇదే విషం ఉంటుంది, అమెరికా ఈస్టర్న్ న్యూట్‌లోనూ ఉంటుంది. మోతాదు మాత్రం జాతిని బట్టి మారుతుంది, అదే జాతిలో కూడా పుట్టిన చోటును బట్టి మారుతుంది. మామూలుగా ఉన్నప్పుడు విషం లోపలే ఉంటుంది. గాయమైనా, భయపడినా, టెన్షన్ పడినా బయటికొస్తుంది. కలిపి పెంచిన ట్యాంకులో కరుచుకోవడాలు, తరుముకోవడాలు ఎక్కువ. కరిచినదానికీ ప్రమాదమే, కరిపించుకున్నదానికీ ప్రమాదమే.

అయితే నేను విషం కంటే ఎక్కువ భయపడేది రోగానికి. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నెదర్లాండ్స్ దక్షిణ కొసన బుండర్‌బోస్ అనే అడవి ఉంది. న్యూట్లకు చుట్టాలైన, నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలుండే ఫైర్ సాలమాండర్లకు ఆ దేశంలో అదే ముఖ్యమైన ఇల్లు. 2010 ప్రాంతంలో అవి దారుల మీద చచ్చి కనబడటం మొదలైంది. మూడు నాలుగేళ్లలో నూటికి నాలుగు మిగిలాయి. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో ఆన్ మార్టెల్, ఫ్రాంక్ పాస్మన్స్ బృందం 2013లో కారణం కనిపెట్టింది. అదొక కొత్త ఫంగస్, పేరు బాట్రకోకైట్రియం సాలమాండ్రివొరాన్స్. పెంపకందార్లు పొట్టిగా బీసాల్ అంటారు. అది చర్మాన్ని తొలిచేస్తుంది. ఒంటి మీద చిన్న చిన్న పుళ్లు, కాల్చిన కొనతో గుచ్చినట్టు గుండ్రటి గుంటలు పడతాయి. చర్మం మీదే బతికే జంతువుకు చర్మం పోతే ఇంక ఏముంటుంది? సోకిన ఫైర్ సాలమాండర్ రెండు మూడు వారాల్లో చచ్చిపోతుంది. తర్వాత బెల్జియం, జర్మనీ, స్పెయిన్‌లలో కూడా ఈ ఫంగస్ బయటపడింది.

మరుసటి ఏడాది అదే బృందం పెద్ద పరీక్ష ఒకటి చేసింది. రకరకాల ఉభయచరాలకు ఈ ఫంగస్‌ని తగిలించి చూశారు. కప్పలకు రోగం రాలేదు. ఐరోపా న్యూట్లు, సాలమాండర్లు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. అమెరికా రఫ్‌స్కిన్డ్ న్యూట్, ఈస్టర్న్ న్యూట్ కూడా తట్టుకోలేకపోయాయి. కొన్ని ఆసియా జాతులకు మాత్రం సోకినా చావలేదు, నెలల తరబడి మోశాయి, కొన్ని వాటంతటవే తేరుకున్నాయి. మ్యూజియంలో దాచిన నూట యాభై ఏళ్ల నాటి ఒక ఆసియా న్యూట్ ఒంటి మీద కూడా ఈ ఫంగస్ జాడ దొరికింది. ఆసియా జాతులు దానితో యుగాల తరబడి కలిసి బతికాయన్నమాట. అది ఐరోపాకు ఎలా చేరింది? పెంపకం కోసం అమ్మే న్యూట్లతోపాటే వచ్చి ఉంటుందని ఆ బృందం తేల్చింది. అంటే మనలాంటివాళ్ల అభిరుచి వెంటే వెళ్లింది. ఇది చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు మన ట్యాంకుకు రండి. ఆసియా ఫైర్‌బెల్లీ ఒకటి, ఐరోపా ఆల్పైన్ న్యూట్ ఒకటి పక్కపక్కన ఉన్నాయి. ఫైర్‌బెల్లీ చక్కగా తింటోంది, ఈదుతోంది, ఒంటి మీద మచ్చుకైనా పుండు లేదు. మీరూ నేనూ చూసి "భలే ఆరోగ్యంగా ఉంది" అంటాం. అది రోగాన్ని మోస్తున్నా అలాగే కనబడుతుంది. కంటితో చూసి చెప్పే మార్గమే లేదు. చర్మం మీద దూది పుల్లతో రుద్ది, ఆ నమూనాను పీసీఆర్ పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. పైగా ఈ ఫంగస్ విడిచే బీజాల్లో ఒక రకం గట్టి పెంకుతో నీళ్లలో చాలాకాలం కాచుకుని ఉంటుంది. 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం దానికి బాగా నచ్చుతుంది. మనం న్యూట్లకు ఇష్టమని కష్టపడి ఏర్పాటు చేసే చల్లదనం కూడా ఇంచుమించు అంతే.

వేడితో దాన్ని చంపొచ్చు, నిజమే. ఫైర్ సాలమాండర్లను 25 డిగ్రీల్లో పది రోజులు ఉంచితే రోగం పోయిందని పరీక్షల్లో తేలింది. కానీ చల్లనీటి న్యూట్‌కి 25 డిగ్రీలంటే అదే ప్రాణం మీదికొచ్చే వేడి. కాబట్టి ఆ వైద్యం ఉభయచరాలు తెలిసిన పశువైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే కలపకుండా ఉండటం తేలిక. ప్రభుత్వాలు కూడా దీన్ని చిన్న విషయంగా తీసుకోలేదు. 2016 జనవరిలో అమెరికా 201 జాతుల సాలమాండర్లను హానికర జాబితాలో పెట్టి వాటి దిగుమతి ఆపేసింది. తర్వాతి ఏడాది కెనడా కూడా సాలమాండర్ల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. ఆ జాబితాల్లో న్యూట్లూ ఉన్నాయి.

ఇక్కడ తప్పకుండా ఒకరు అడుగుతారు. "ఐరోపాలో ఒకే కుంటలో నాలుగు జాతుల న్యూట్లు ఉంటాయి కదండీ?" అవును, ఉంటాయి. గ్రేట్ క్రెస్టెడ్, స్మూత్, పామేట్, ఆల్పైన్, ఈ నాలుగూ ఒకే నీళ్లలో గుడ్లు పెట్టే కుంటలున్నాయి. మంచి ప్రశ్న, తోసిపుచ్చేది కాదు. కానీ ఆ కుంటను నిదానంగా చూడండి. అవి వసంతంలో దిగుతాయి, చాలామటుకు వేసవికల్లా గట్టెక్కి రాళ్ల కిందికో, మొద్దుల కిందికో వెళ్లిపోతాయి. కుంటలో ఉన్నన్నాళ్లూ లోతు నీళ్లు ఒకదానివి, నాచు పట్టిన అంచులు ఇంకోదానివి. నచ్చకపోతే ఈదుకుంటూ దూరం పోవడానికి చోటుంది. ఆ ప్రాంతపు సూక్ష్మజీవులు అన్నిటికీ తరతరాలుగా పరిచయమే. అంత ఉన్నా ఆ కుంటలో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ స్మూత్ న్యూట్ పిల్లల్ని తింటూనే ఉంటుంది. ట్యాంకులో వీటిలో ఏ ఒక్క వెసులుబాటూ లేదు, తినేది మాత్రం ఉంది. పైగా దుకాణాల్లో మనకు దొరికేవి ఒకే కుంటలోవి కావు, వేర్వేరు ఖండాలవి.

తినడం అన్నాను కాబట్టి ఒక పూట మేత ఎలా సాగుతుందో చెప్తాను. ట్యాంకు అడుగున బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్రటి పురుగులు వేశారనుకోండి. చైనా ఫైర్‌బెల్లీ వాసన పట్టింది. నడుచుకుంటూ వచ్చి పురుగుకు అంగుళం దూరంలో ఆగిపోతుంది. ముక్కు కిందికి వంచుతుంది. గొంతు కింది చర్మం మెల్లగా పైకీ కిందికీ ఆడుతుంటుంది, నీళ్లు లోపలికి లాగి వాసన చూస్తోందన్నమాట. తల కాస్త పక్కకు వాలుస్తుంది. ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. అప్పుడు పట్టుకుంటుంది. ఈలోగా అదే ట్యాంకులో స్పెయిన్, పోర్చుగల్, మొరాకోల రిబ్డ్ న్యూట్ ఉంటే? అది 20, 30 సెంటీమీటర్ల దాకా పెరిగే జంతువు. ఆగి ఆలోచించడం దాని వంటికి పడదు. కదిలిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. పురుగుతోపాటు ఫైర్‌బెల్లీ ముందు కాలు కూడా దాని నోట్లోకి వెళ్తుంది, పట్టుకుని ఒళ్లంతా మెలితిప్పుతుంది. వదిలేసరికి వేళ్లు ఉండవు.

"న్యూట్‌కి కాలు మళ్లీ మొలుస్తుంది కదా" అని తేలిగ్గా అనేవాళ్లను చాలామందిని చూశాను. మొలుస్తుంది. వాటికున్న ఆ శక్తి అద్భుతమే. జపాన్ ఫైర్‌బెల్లీల కంటి కటకాన్ని 16 ఏళ్లలో 18 సార్లు తీసేసి చూశారు, ప్రతిసారీ చక్కటి కొత్త కటకం వచ్చింది. 2011లో ఆ ఫలితాలు వచ్చేనాటికి ఆ న్యూట్లకు కనీసం 30 ఏళ్లు. ఎంతకాలం బతుకుతాయో చూడండి! కానీ కాలు మొలవడానికి వారాలు, నెలలు పడుతుంది. అన్నాళ్లూ పచ్చి పుండు ట్యాంకు నీళ్లలో నానుతూ ఉంటుంది, బూజు పడుతుంది, బ్యాక్టీరియా చేరుతుంది. ఇంకో సంగతి, కాలు పోవడం కనీసం కంటికి కనబడుతుంది. మొహమాటపడే న్యూట్‌కి రోజూ మేత అందకపోవడం కనబడదు. తోక మొదలు దగ్గర సన్నబడి, తుంటి ఎముకలు తేలాక గానీ మనం గమనించం.

ఉష్ణోగ్రత గురించి ఒక్క మాట చాలు. ఆల్పైన్ న్యూట్‌కి నీళ్లు 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది, రిబ్డ్ న్యూట్‌కి అదేమంత లెక్కలోకి రాదు. చైనా ఫైర్‌బెల్లీకి నిలకడ నీళ్లు కావాలి, పాడిల్‌టెయిల్ అనే ఇంకో న్యూట్ కొండవాగుల జీవి, దానికి పారే నీళ్లు కావాలి. మధ్యేమార్గంగా పెడితే ఇద్దరికీ సగం సగం సుఖం రాదు, ఇద్దరికీ ఇబ్బందే.

పాడిల్‌టెయిల్ పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. చాలామంది కావాలని జాతుల్ని కలపరు, తెలియక కలుపుతారు. పాడిల్‌టెయిల్‌నీ, వార్టీ న్యూట్‌నీ "పెద్ద ఫైర్‌బెల్లీ" అని చెప్పి అమ్మడం మామూలే. వాటికీ పొట్ట ఎర్రగానే ఉంటుంది మరి. కొనేముందు పొట్ట చూడకండి, తలా తోకా చూడండి. ఫైర్‌బెల్లీకి కళ్ల వెనక, చెంపల దగ్గర ఉబ్బెత్తు గ్రంథులు స్పష్టంగా కనిపిస్తాయి. పాడిల్‌టెయిల్ తల వెడల్పుగా, అణిచినట్టు ఉంటుంది, కళ్లు చిన్నవి, చర్మం నున్నగా మెరుస్తుంది, తోక చివర తెడ్డులా చదునుగా ఉంటుంది. వార్టీ న్యూట్ చర్మం ముట్టుకుంటే గరుకు. ఈ రెండూ తమ చోటు కోసం పోట్లాడే రకాలు. పాడిల్‌టెయిల్ మగవి రెండింటినే ఒకచోట ఉంచలేం, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అలాంటిది పది సెంటీమీటర్లు కూడా లేని చైనా ఫైర్‌బెల్లీని దాని ముందు వదిలితే అది ఎక్కడికి పారిపోతుంది? ట్యాంకు నాలుగు వైపులా గాజే.

ఇక జత కట్టే సంగతి. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. మగ ఫైర్‌బెల్లీ ఆడదాని ముందుకొచ్చి దారికి అడ్డంగా నిలబడుతుంది. తోకను పక్కకు మడిచి, కొసను వణికిస్తూ నీళ్లను ఆడదాని ముక్కు వైపు విసురుతుంది. ఆ నీళ్లలో వాసన కబురు పంపుతుంది. 1995లో వసెదా విశ్వవిద్యాలయంలో సకాయె కికుయామా బృందం జపాన్ ఫైర్‌బెల్లీ మగవి విడిచే ఆ పదార్థాన్ని పట్టుకుంది. పేరు సోడెఫ్రిన్, పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. జపాన్‌దే ఇంకో జాతి స్వోర్డ్‌టెయిల్ న్యూట్ మగది విడిచేది సైలెఫ్రిన్. పదింటిలో రెండే తేడా. ఆ రెండు తేడాలకే ఒక జాతి ఆడది రెండో జాతి మగదాని కబురుకు రాదు. ఎంత సున్నితమైన ఏర్పాటో చూడండి. రెండు జాతులున్న ట్యాంకులో ఈ కబుర్లన్నీ ఒకే నీళ్లలో కలగలిసిపోతాయి. మగది తనది కాని ఆడదాని ముందు గంటల కొద్దీ తోక ఆడిస్తుంది, లేదా తన జాతి ఆడదాని దగ్గరికి వెళ్లబోతే ఇంకెవరో మధ్యలో దూరతారు.

దగ్గరి చుట్టాలైన జాతులైతే ఇంకో సమస్య, సంకర సంతానం. ఫ్రాన్స్‌లో క్రెస్టెడ్ న్యూట్, మార్బుల్డ్ న్యూట్ అడవిలోనే కలిసి పిల్లల్ని కంటాయి. ఆ పిల్లల్ని చూసి 19వ శతాబ్దంలో కొత్త జాతి అనుకుని పేరు కూడా పెట్టేశారు. ఇటాలియన్ క్రెస్టెడ్ న్యూట్లను తెచ్చి వదిలిన చోట, బ్రిటన్‌లో, నెదర్లాండ్స్‌లో, అవి అక్కడి గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్లతో కలిసిపోతున్నాయి, స్థానిక జాతి పలచబడుతోంది. మీ ట్యాంకులో అలాంటి పిల్లలు పుడితే అవి ఏ జాతివని ఇతరులకు ఇస్తారు? పెంపకంలో వంశాలు స్పష్టంగా ఉండటం చాలా అవసరం. యునాన్ సరస్సు న్యూట్‌ని చూడండి, చైనాలోని కున్‌మింగ్ దగ్గరి డియాన్ సరస్సు ప్రాంతంలో తప్ప ఎక్కడా లేని జాతి, ఇప్పుడు అంతరించింది. అలాంటి జాతి శుద్ధమైన వంశం ఒకటి ఎవరి ట్యాంకులోనైనా మిగిలి ఉంటే ఎంత బాగుండేదో!

క్రెస్టెడ్, మార్బుల్డ్ గుంపును పెంచేవాళ్లకు మధ్యలో ఒక మాట. వాటి గుడ్లలో సగం ఎలాగూ పొదగవు. ఆ గుంపు మొదటి క్రోమోజోమ్‌లోనే ఉన్న లోపం అది. సగం చచ్చాయని సంకరం వల్లనో, నీళ్ల వల్లనో అనుకుని కంగారుపడకండి.

మరి ట్యాంకు కళకళలాడాలంటే? ఒకే జాతివి నాలుగైదు పెంచండి. జపాన్ ఫైర్‌బెల్లీల పొట్ట మీది ఎరుపు నలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, వాటిని బట్టే ఏది ఏదో గుర్తుపట్టవచ్చు. జావా మాస్ అనే నీటి మొక్కను దట్టంగా వేయండి. ఆడది వెనక కాళ్లతో ఆకు మడిచి, మధ్యలో గుడ్డు పెట్టి అతికించడం చూశాక ఇంకో జాతి కావాలని మీకే అనిపించదు. అయినా కావాలంటారా, 120 సెంటీమీటర్ల ట్యాంకు ఒకటి కొనే బదులు 60 సెంటీమీటర్లవి రెండు కొనండి. వలలు, బకెట్లు, సైఫన్ గొట్టాలు దేనికది వేరుగా ఉండాలి. కొత్తగా వచ్చినవాటి పని ఎప్పుడూ ఆఖర్న చేసుకోండి. అదే జాతివైనా సరే, కొత్తవాటిని రెండు మూడు నెలలు విడిగా ఉంచాకే పాతవాటితో కలపండి.

ఆ వెనక కూర్చున్నవారు అడుగుతున్నారు. "మా ట్యాంకులో ఏళ్ల తరబడి మూడు జాతులు కలిసే ఉన్నాయి, ఏమీ కాలేదు. ఇప్పుడేం చేయాలి?" ఏమీ కాకపోవడం సంతోషం. అయినా విడదీయండి, కానీ హడావిడిగా వద్దు. ముందు జాతికో ట్యాంకు సిద్ధం చేసి, అందులో ఫిల్టర్ కుదురుకుని, వ్యర్థాల నుంచి పుట్టే అమోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా ఆగండి. తర్వాత ఒక్కో జాతిని మార్చండి. రోగం మోస్తున్నవి ఏవో మనకు తెలియదు కాబట్టి మూడింటినీ సోకినట్టే లెక్కేసుకుని చర్మ పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఒక్కదాన్ని కూడా ఎవరికీ ఇవ్వొద్దు, కొత్తది తేవొద్దు. ఏ పరిస్థితిలోనూ బయటి నీళ్లలో వదలొద్దు. పాత ట్యాంకు నీళ్లు చెరువుల్లో, కాలువల్లో కలిసే చోట పోయకండి. బకెట్లోకి తోడి, బ్లీచ్ కలిపి కాసేపు ఉంచి, ఇంటి మురుగు గొట్టంలో పోయండి. కంకర, మొక్కలు ఇంకో ట్యాంకులోకి మార్చవద్దు. మొక్కలు పారేయడమే మేలు. గాజును బ్లీచ్‌తో కడిగి, మంచినీళ్లతో బాగా జాడించి, పూర్తిగా ఎండబెట్టండి.

ఇంకొకరు అడుగుతున్నారు, "చైనా ఫైర్‌బెల్లీ, జపాన్ ఫైర్‌బెల్లీ రెండూ దగ్గరి చుట్టాలే కదా, వాటినైనా కలపొచ్చా?" పైకి అన్నిటికంటే అమాయకంగా కనిపించే జంట ఇదే. చైనావి మార్కెట్లోకి చాలామటుకు అడవిలో పట్టి తెచ్చినవే వస్తాయి, ఎన్ని చేతులు మారి, ఎన్ని ట్యాంకుల నీళ్లు తాకి వచ్చాయో ఎవరికీ తెలియదు. జపాన్‌వి పెంపకందార్ల దగ్గరే పుట్టినవి తరచూ దొరుకుతాయి. ఆ రెండింటినీ కలిపితే, శుభ్రంగా పుట్టి పెరిగిన న్యూట్ల ముందుకు ఎక్కడెక్కడి రోగాలో తెచ్చి పెట్టినట్టే. జపాన్‌వి పరిమాణంలో కొంచెం పెద్దవి కూడా, మేత దగ్గర చైనావాటిని నెట్టేస్తాయి. కాబట్టి వాటినీ కలపకండి. చైనావి ఇప్పటికే మీ దగ్గరుంటే వాటికి వాటి ట్యాంకు, వాటి వల, వాటి బకెట్ ఉండనివ్వండి.